కూర్చుంటే ఎన్ని డిగ్రీలు? వదులు కీళ్లవారి ముడ్డిపూస నొప్పి

మా చెల్లెలు కుర్చీలోంచి లేవడానికి రెండు చేతులూ ఆనించి, ఒక పక్కకి ఒరిగి, ఊపిరి బిగబట్టేది. సగం లేచి ఆగిపోయేది. ఆ సగంలోనే మొహం పాలిపోయేది. పూర్తిగా నిలబడ్డాక మళ్లీ మామూలు మనిషే. డాక్టరు దగ్గర మాత్రం "నడుం నొప్పండీ" అంది. నడుముకి ఎక్స్‌రే రాశారు, పడుకోబెట్టి తీశారు, ఏమీ లేదన్నారు. నొప్పి ఉన్న చోటు పేరు నోటితో చెప్పలేక ఎనిమిది నెలలు బాధపడింది.

ముడ్డిపూస అనండి, తోక ఎముక అనండి, టెయిల్‌బోన్ అనండి. పేరు పలకడానికి మొహమాటమైతే వేలు పెట్టి చూపించండి. పిర్రల చీలిక మొదట్లో ఒక్క వేలితో తాకి చూపించగలిగే నొప్పి ఇది. నడుం నొప్పిని అరచేతితో చూపిస్తాం. ఈ తేడా డాక్టరుకి చాలా చెబుతుంది.

వెన్నెముక చిట్టచివర 3 నుంచి 5 చిన్న పూసలు ఉంటాయి, ఎక్కువమందిలో 4. పాఠ్యపుస్తకాల్లో దీన్ని అనుత్రికం అంటారు. కూర్చున్నప్పుడు ఒంటి బరువు మూడు చోట్ల ఆనుతుంది: రెండు పిర్రల ఎముకలు, వెనక ఈ పూస. ముందుకి వంగితే బరువు మొదటి రెండింటి మీదకి పోతుంది, వెనక్కి జారగిలబడితే ఈ పూస మీదకి వస్తుంది. స్కాట్లండ్ వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ ఈ నొప్పికి 1859లో పేరు పెట్టాడు. మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఇది సుమారు 5 రెట్లు ఎక్కువ. వాళ్ల కటి వెడల్పు, అందులో ఈ పూస దెబ్బలకి ఎక్కువగా గురయ్యేలా ఉంటుంది. కాన్పులో బిడ్డ తల దాన్ని వెనక్కి నెడుతుంది కూడా.

ఇక అసలు లెక్క. ఈ పూస కదులుతుంది. మనం కూర్చోగానే కొంచెం వంగి, లేవగానే తన చోటికి వస్తుంది. ఎంత వంగుతుందో కొలిచింది పారిస్ వైద్యుడు జాన్-ఈవ్ మేన్. ఒకే మనిషికి నిలబెట్టి ఒక ఎక్స్‌రే, నొప్పి పుట్టే భంగిమలో కూర్చోబెట్టి ఇంకొకటి తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాడు. 5 నుంచి 25 డిగ్రీల దాకా కదిలితే మామూలే. 25 దాటి వంగితే అతిగా కదులుతున్నట్టు. పూస పక్కపూసని వదిలి వెనక్కి జారడం మరో రకం. 2000లో ఆయన ప్రకటించిన అధ్యయనంలో 208 మంది రోగుల్ని ఇలా పరీక్షిస్తే, దాదాపు 69 శాతం మందిలో నొప్పికి కారణం కంటికి కనిపించింది. 27 శాతం మందిలో అది అతిగా వంగడం, 22 శాతం మందిలో వెనక్కి జారడం.

పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో ఇవి దొరక్కపోవడంలో వింతేముంది? కూర్చుంటేనే కదిలే పూస, పడుకుంటే బుద్ధిగా తన చోట ఉంటుంది. కూర్చోబెట్టి తీసే పరీక్ష అన్ని చోట్లా చెయ్యరు. అయినా అడగాలి, మరీ ముఖ్యంగా లేచే క్షణంలో నొప్పి సర్రున పొడిచేవాళ్లు.

మా చెల్లెలు చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకుంది. పళ్లెం అంచు మీద తరంగం చేస్తుంటే, ఒళ్లు విల్లులా వంగుతుందని గురువుగారు మురిసిపోయేవారు. ఆ వంగడానికి కూడా ఒక కొలత ఉందని మాకు అప్పట్లో తెలియదు. దాన్ని బైటన్ స్కోరు అంటారు. 1973లో దక్షిణాఫ్రికాలో పీటర్ బైటన్, ఆయన సహచరులు స్థిరపరిచిన 9 మార్కుల పరీక్ష అది. చిటికెన వేలు వెనక్కి 90 డిగ్రీలు దాటి వంగితే చేతికొక మార్కు. బొటనవేలు ముంజేతిని తాకితే చేతికొకటి. మోచేయి 10 డిగ్రీలు మించి వెనక్కి వంగితే చేతికొకటి, మోకాలు కూడా అంతే, కాలికొకటి. మోకాళ్లు వంచకుండా అరచేతులు రెండూ నేలకి ఆనిస్తే చివరి మార్కు. 2017 అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం యుక్తవయసు నుంచి 50 ఏళ్ల దాకా 5 వస్తే కీళ్లు వదులన్నట్టు. పిల్లలకి 6, యాభై దాటినవాళ్లకి 4. ఒంటిని పట్టి ఉంచే కణజాలం బలహీనంగా ఉండే ఎహ్లర్స్-డాన్లోస్ జబ్బుల్ని అదే ఏడాది 13 రకాలుగా విభజించారు, వాటిలో వదులు కీళ్ల రకం ఒకటి. అయితే మార్కులు వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. చాలామంది ఏ నొప్పీ లేకుండా జీవితమంతా వంగుతూనే ఉంటారు.

ఇక్కడొక తికమక ఉంది. ముడ్డిపూస 25 డిగ్రీలు దాటడం, ఒళ్లంతా కీళ్లు వదులుగా ఉండడం, రెండింటికీ డాక్టర్లు హైపర్‌మొబిలిటీ అనే మాటే వాడతారు. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు. మార్కులు 9కి 7 వచ్చినా పూసని విడిగా చూడాల్సిందే. కానీ రెండూ కలిసిన మనిషికి మామూలు సలహాలు కొన్ని ఎదురుతిరుగుతాయి. అందులో మొదటిది "బాగా సాగదియ్యి" అనేది.

సాగదీస్తే వదులు కీళ్లవాళ్లకి కాసేపు హాయిగా ఉంటుంది, అందుకే మళ్లీ మళ్లీ చేస్తారు. పశ్చిమోత్తానాసనంలో తల మోకాళ్లకి ఇట్టే ఆనుతుంది. అయితే అప్పుడు ఒంటిని మోసేది కండరం కాదు, లిగమెంటు. ఇప్పటికే వదులైనదాన్ని ఇంకా లాగుతున్నారన్నమాట. నౌకాసనం, నేల మీద సిట్-అప్‌లు నేరుగా పూస మీద కూర్చోబెడతాయి. వాటి బదులు సేతుబంధాసనంలో నడుము కొద్దిగా మాత్రమే ఎత్తి ఆపడం, పక్కకి పడుకుని మోకాలు తెరిచి మూయడం లాంటివి మేలు. ఎంత దూరం వెళ్లగలరో అంత దూరం వెళ్లకండి, ముందే ఆగండి.

కటి అడుగున ఉయ్యాలలా ఉండే కండరాలు ఈ పూసకే అతుక్కుని ఉంటాయి. కీలు వదులైతే దాన్ని పట్టుకోవడానికి అవి పగలంతా బిగుసుకుని ఉండొచ్చు. అలాంటి మనిషి ఎవరో చెప్పారని ఆ కండరాల్నే బిగించే కెగెల్ వ్యాయామాలు మొదలుపెడితే నొప్పి పెరగొచ్చు. ముందు వదలడం నేర్చుకోవాలి. పక్కకి పడుకుని, పొట్ట నిండేలా ఊపిరి తీసుకుని, తీసుకున్నదానికంటే నెమ్మదిగా వదలాలి. కటి కండరాల మీద శిక్షణ ఉన్న ఫిజియోథెరపిస్టు దొరికితే వాళ్ల దగ్గరికే వెళ్లండి.

కూర్చోవడం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, రోజులో ఎక్కువసేపు అలాగే గడుస్తుంది కదా. వదులు కీళ్లవాళ్లు కుర్చీలో తిన్నగా కూర్చోరు. ఒక కాలు మడిచి పిర్ర కింద పెట్టుకుంటారు, లేదా సోఫాలో జారిపోయి వీపు మీద కూర్చుంటారు. పాదాలు రెండూ నేలకి ఆనాలి. కుర్చీ ఎత్తైతే కింద పీట వేసుకోండి. మఠం వేసుకుని కూర్చుంటే నడుము గూనిలా వంగి బరువంతా పూస మీదకి వస్తుంది. పూజకో భోజనానికో కింద కూర్చోక తప్పదంటే, పిర్రల ఎముకల కింద మడతపెట్టిన దుప్పటి వేసి, ముందుకి కొంచెం వంపు వచ్చేలా కూర్చోండి.

మందుల దుకాణంలో అడగ్గానే చేతిలో పెట్టేది గుండ్రటి గాలి దిండు. అది మొలలకి పనికొస్తుందేమో గానీ దీనికి కాదు, వెనక అంచు సరిగ్గా పూసకే ఒత్తుకుంటుంది. వెనక వైపు కోత ఉన్న దిండు కావాలి. కోత వెనక్కే ఉండాలి. కొనేలోపు ఇంట్లోనే రెండు తువ్వాళ్లు పొడవుగా చుట్టి, ఒక్కో తొడ కింద ఒకటి, మధ్యలో ఖాళీ ఉండేలా పెట్టుకుంటే పూస గాల్లో ఉంటుంది. చెల్లెలు ఆఫీసు బ్యాగులో ఆ తువ్వాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. 20, 30 నిమిషాలకోసారి లేవండి. లేచేటప్పుడు ముందు కుర్చీ అంచుకి జరిగి, తుంటి దగ్గర ముందుకి వంగి, బరువు పాదాల మీదకి తెచ్చుకుని అప్పుడు లేవండి. మలబద్ధకం ఈ నొప్పికి పెద్ద శత్రువు. నీళ్లు, పీచు, అవసరమైతే ఇసబ్‌గోల్. కమోడ్ వాడేవాళ్లు కాళ్ల కింద చిన్న స్టూలు పెట్టుకోండి.

చేత్తో పూసని సరిచేస్తామనేవాళ్ల దగ్గరికి పరిగెత్తే ముందు ఒక లెక్క చూడండి. 2006లో మేన్ బృందం 102 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి మలద్వారం గుండా చేసే చికిత్స ఇచ్చింది. నెల తర్వాత ఆ జట్టులో 36 శాతం మందికి మంచి గుణం కనిపించింది, రెండో జట్టులో 20 శాతం మందికి. ఆరు నెలలకి అవి 22, 12. శిక్షణ ఉన్న చేతుల్లోనే ఫలితం ఇంత. కీళ్లు వదులని తెలిసిన మనిషి, విషయం ముందే చెప్పకుండా ఎవరి చేతికీ పూసని అప్పగించకూడదు.

పూస దగ్గర మత్తు ఇంజెక్షన్ దాకా వస్తే డాక్టరుకి ఇంకో సంగతి చెప్పండి. పంటి డాక్టరు వేసే మత్తు మీకు త్వరగా దిగిపోతుందా? వదులు కీళ్లవాళ్లలో కొందరికి అలా అవుతుంది, మోతాదు ఆలోచించుకోవడానికి డాక్టరుకి అది పనికొస్తుంది. పూస తీసేసే ఆపరేషన్ చివరి మాట. గాయం మలద్వారానికి దగ్గర, చీము పట్టే భయం ఎక్కువ. చర్మం త్వరగా చిట్లి, నెమ్మదిగా మానేవాళ్లు మరీ ఆలోచించాలి.

జ్వరం వచ్చినా, అక్కడ గడ్డ లేచి చీము కారినా, రాత్రి పడుకున్నా నొప్పి వదలకపోయినా, కారణం లేకుండా బరువు తగ్గినా దిండ్లతో కాలం గడపకండి. తొడల మధ్య మొద్దుబారడం, మూత్రం, విరేచనం మీద అదుపు తప్పడం ఉంటే అదే రోజు అత్యవసర విభాగానికి వెళ్లాలి.

చెల్లెలు ఒక నోటుపుస్తకం పెట్టుకుంది. నొప్పి మొదలయ్యేలోపు ఎన్ని నిమిషాలు కూర్చోగలిగిందో రోజూ రాసేది. మొదటి వారం 12. మూడో నెలలో 35. మధ్యలో ఒక పెళ్లికి వెళ్లి చాప మీద మూడు గంటలు కూర్చున్న మర్నాడు 8. ఆ పుస్తకం చూశాకే డాక్టరు కూర్చోబెట్టి ఎక్స్‌రే తీయించారు.