ఆటోమేటిక్ పికప్: గేర్‌బాక్స్ ఆయిల్ ఇంట్లో మార్చుకోవచ్చా?

ఇంజిన్ ఆయిల్ సొంతంగా మార్చుకునే అలవాటున్నవాళ్లు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్, అంటే ఏటీఎఫ్ కూడా అంతే అనుకుంటారు. ఇక్కడ లెక్క వేరు. టయోటా హైలక్స్ ఆటోమేటిక్‌కు కంపెనీ చెప్పే గ్రేడ్ డబ్ల్యూఎస్. ఎర్రగా ఉంది కదా అని షాపులో దొరికిందేదో పోస్తే గేర్లు మారేటప్పుడు కుదుపులు, క్లచ్ ప్లేట్లు జారడం మొదలవుతాయి.

బండిని నాలుగు స్టాండ్ల మీద సమంగా నిలపాలి. ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరొద్దు. ముందు విప్పాల్సింది ఆయిల్ పోసే బోల్టు. అది పట్టేసి రాకపోతే పని అక్కడే ఆపేయొచ్చు. కింది డ్రెయిన్ బోల్టు ముందే తీశారో, ఆయిల్ పోయేదారి లేక బండి అక్కడే ఉండిపోతుంది. కారినదాన్ని కొలిచి అంతే కొత్తది పోయాలి. టార్క్ కన్వర్టర్‌లోని పాత ఆయిల్ మాత్రం రాదు. అందుకే కొన్నాళ్లు నడిపాక మళ్లీ మారుస్తారు.

అసలు చిక్కు లెవల్ దగ్గరే. డిప్‌స్టిక్ లేని బండ్లలో ఇంజిన్ ఆన్‌లో ఉంచి, బ్రేక్ నొక్కి గేర్లన్నీ ఒకసారి మార్చి, పార్క్‌లో పెట్టాలి. ఆయిల్ మాన్యువల్‌లో చెప్పిన వేడికి రాగానే చెక్ బోల్టు తీయాలి. ధార సన్నబడి చుక్కలుగా మారితే సరిపోయినట్టు, ఏమీ కారకపోతే తక్కువైనట్టు. ఆ వేడి స్కానర్‌లో చూడాల్సిందే, చేత్తో తాకి చెప్పలేం. స్కానర్ లేనివాళ్లు ఈ పని గ్యారేజీకి వదిలేయడమే మంచిది.