నాన్సీ గ్రీన్: మంచుకొండ నుండి సెనెట్ సభకు

మంచు నేలను కప్పివేసే శీతలదేశాలలో ఆ మంచే క్రీడాస్థలం. పాదాలకు పొడవైన పలకలు బిగించుకొని, కొండవాలున నాటిన కర్రల నడుమ మెలికలు తిరుగుతూ వాయువేగంతో దిగడమే స్కీయింగ్ పందెం. అందులో జయాపజయాల మధ్య అంతరం తరచుగా రెప్పపాటు కూడా ఉండదు. అట్టి క్రీడలో అగ్రస్థానం అందుకొని, ఇరవై నాలుగేళ్ళకే విరమించి, పిదప వ్యాపారంలోను, ప్రజాజీవితంలోను దశాబ్దాలు గడిపిన కెనడా మహిళ నాన్సీ గ్రీన్.

ఆమె 1943లో ఒట్టావాలో జన్మించి, బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలోని రాస్‌లాండ్ అనే గనుల పట్టణంలో పెరిగారు. 1967లో ప్రపంచకప్ పోటీలు తొలిసారి జరిగినప్పుడు మహిళలలో ప్రథమస్థానం ఆమెదే. ఆమెకు 176 పాయింట్లు, ఫ్రాన్సు క్రీడాకారిణి మారియెల్ గోయిషెల్‌కు 172. చిట్టచివరి పందెంలో 0.07 సెకను తేడాయే దానిని నిర్ణయించింది! మరుసటి ఏడాది గ్రెనోబుల్ ఒలింపిక్స్‌లో జెయింట్ స్లాలమ్ స్వర్ణాన్ని 2.64 సెకన్ల ఆధిక్యంతో గెలుచుకున్నారు. స్లాలమ్‌లో రజతం లభించింది.

ఆనాటి ఒలింపిక్ నియమాల ప్రకారం క్రీడాకారులు ఆట ద్వారా ధనార్జన చేయరాదు. పతకం వల్ల కలిగిన కీర్తిని జీవనోపాధిగా మలచుకోవాలంటే పోటీల నుండి తప్పుకోవలసిందే. విరమణానంతరం ఆమె మార్స్ చాక్లెట్ల ప్రకటనలలో కనిపించారు. ఈ చాక్లెట్ల ప్రసక్తి మరల రాగలదు. 1969లో జాతీయ జట్టు శిక్షకులైన ఆల్ రెయిన్‌ను వివాహమాడారు.

దంపతులిరువురి వ్యాపారమూ మంచుకొండల విడిది పట్టణాలతోనే ముడిపడింది. విస్లర్‌లో ఆమె పేరిటనే ఒక వసతిగృహం వెలసింది. 1990లలో వారు కామ్లూప్స్ సమీపాన ఉన్న సన్ పీక్స్‌కు తరలి, అక్కడ మరొక వసతిగృహాన్ని నిర్మించారు. ఇట్టి పట్టణాలలో స్థిరనివాసులు స్వల్పం, అతిథులు అసంఖ్యాకం. రహదారులు, నీరు, మురుగుపారుదల అతిథుల సంఖ్యకు తగినట్లు ఉండాలి. వాటిని గూర్చి నిర్ణయించేది మాత్రం ఆ కొద్దిమంది నివాసుల ఓట్లే. కాబట్టి హోటలు యజమాని పురపాలనకు దూరంగా ఉండడం కష్టం. పాలనలో పాల్గొంటే స్వప్రయోజనం, ప్రజాప్రయోజనం ఎక్కడ వేరుపడతాయన్న ప్రశ్న తప్పదు. విస్లర్ 1975లో పురపాలక సంస్థ కాగా, ఆల్ రెయిన్ ప్రభుత్వ ప్రతినిధిగా ఆ మండలిలో కూర్చున్నారు. 2010లో సన్ పీక్స్ పురపాలక ప్రతిపత్తి పొందినప్పుడు తొలి మేయరు ఆయనే.

వారు తలపెట్టిన వాటిలో కొనసాగనిది కూడా ఉన్నది. లిలూయెట్ దాపున మెల్విన్ క్రీక్ లోయలో కాయూష్ అనే పెద్ద విడిదిని నిర్మించాలని ఈ దంపతులు సంకల్పించారు. ఆ లోయ తమ పూర్వికుల భూమి అనీ, దానిని తామెన్నడూ ఎవరికీ అప్పగించలేదనీ స్టాట్లియం ఆదిమజాతి వారు అభ్యంతరం తెలిపారు. 2000లో అక్కడ శిబిరం వేసుకొని కూర్చున్నారు. విడిది నిర్మాణం జరగలేదు. వ్యాపారి కంటికి ఖాళీగా తోచిన కొండ అక్కడివారికి ఖాళీ కాదు. క్రీడలో గడించిన ప్రజాదరణ ఈ విషయంలో ఏమాత్రం అక్కరకు రాలేదు.

2009 జనవరిలో ఆమె కెనడా సెనెట్‌లో ప్రవేశించారు. ఆ సభ్యులు మన రాజ్యసభ సభ్యులలో అధికసంఖ్యాకుల వలె ఎన్నిక కారు. ప్రధానమంత్రి సలహాపై నియమితులై, 75 ఏళ్ళు నిండగానే తప్పుకుంటారు. జూన్ మొదటి శనివారాన్ని జాతీయ ఆరోగ్య, వ్యాయామ దినంగా ప్రకటించే ఆమె బిల్లు 2014లో చట్టమయింది.

2016లో ప్రతిపాదించిన బిల్లు మరింత కఠినమైనది. చక్కెర, ఉప్పు, కొవ్వు మితిమీరిన ఆహారపదార్థాలకు పిల్లలను ఉద్దేశించి ప్రకటనలు చేయడాన్ని అది నిషేధిస్తుంది. ఒకనాడు చాక్లెట్ ప్రకటనలలో కనిపించిన వ్యక్తియే దీనిని తీసుకొని రావడం గమనింపదగినది. సెనెట్ దానిని 2017లో ఆమోదించింది. దిగువసభ 2018లో సవరణలతో ఆమోదించి తిప్పిపంపింది. అదే ఏడాది మే నెలలో నాన్సీ గ్రీన్ వయోనియమం వల్ల పదవీవిరమణ చేశారు. ఆ సవరణలపై సెనెట్ తుది ఓటు జరగకుండానే 2019లో పార్లమెంటు గడువు ముగిసి, బిల్లు రద్దయింది.