ఈల ఎప్పుడు వెయ్యాలి?

వెస్ట్‌మీడ్‌లో కాపురమున్న మనవాళ్ళకు పారమట్టా స్టేడియం కూతవేటు దూరమే అనవచ్చు. ఈల్స్ జట్టు ఆట ఉన్న రోజున రైలంతా నీలం, పసుపు చొక్కాలే. క్రికెట్టు తప్ప మరొకటి ఆటే కాదని వాదించిన పెద్దలు సైతం, పిల్లలు బడినుండి రగ్బీ లీగ్ నేర్చుకుని వచ్చాక, టీవీ ముందు కూర్చోక తప్పడం లేదు. చూడగా చూడగా ఇది మన చెడుగుడుకు పెద్దన్నగారిలా తోస్తుంది. అదే పట్టు, అదే పెనుగులాట. కాకపోతే ఇక్కడ జట్టుకు 13 మంది, ఆట 80 నిమిషాలు, చేతిలో బంతి. ఎదుటివాడు నూరు కిలోలవాడై పరుగెత్తుకుంటూ వచ్చి గుద్దుతాడు.

అలా గుద్దినప్పుడు తలకు దెబ్బ తగిలి ఒకడు పడిపోతే, రెఫరీ వెంటనే ఆట ఆపాలా, లేక ఆ ఎత్తు ముగిసేదాకా ఆగాలా? ఇది చాలాకాలంగా నలుగుతున్న ప్రశ్న.

ఆపడానికి ఉన్న ఇబ్బంది ఏమిటో పారమట్టా అభిమానులకు ఒకరు చెప్పనక్కరలేదు. 2021 సెప్టెంబరులో పెన్రిత్ జట్టుతో సెమీఫైనల్ జరిగింది. ఆట చివరి అంకంలో ఈల్స్ దాడి చేస్తుండగా పెన్రిత్ ఆటగాడొకడు గాయపడ్డాడు. వారి శిక్షకుడు మైదానంలోకి వచ్చి ఆట ఆపించాడు. దాడి జోరు తగ్గింది. ఈల్స్ 8-6 తేడాతో ఓడిపోయారు. తరువాత పెన్రిత్ క్లబ్బుకు జరిమానా పడింది గాని పోయిన ఆట తిరిగి రాలేదు. ఇటువంటివి చూసినవారు “గాయం పేరుతో ఆట ఆపితే నాటకాలకు తలుపు తీసినట్టే” అంటారు. వారి బాధ న్యాయమైనదే.

అయితే ఆ రోజు దెబ్బ తగిలింది తలకు కాదు, కాలికి. అసలు తేడా అంతా అక్కడే ఉన్నది. మెలిక పడ్డ కాలు అర నిమిషం ఆగగలదు. తల ఆగలేదు. స్పృహ తప్పినవాడు తనను తాను కాచుకోలేడు. పరుగెత్తుకొచ్చేవాళ్ళ మోకాలో, బూటో మళ్ళీ అదే తలకు తగలవచ్చు. సగం తెలివిలో లేచి నిలబడితే ఇంకా ప్రమాదం. ఒకసారి అదిరిన మెదడు కోలుకోకముందే రెండోసారి అదిరితే నష్టం ఎన్నో రెట్లు ఉంటుంది.

పైగా ఈ దెబ్బ కంటికి కనబడదు. నెత్తురు రాదు, స్కానులో కూడా చాలాసార్లు ఏమీ తేలదు. క్రికెట్టు నుండే ఉదాహరణలు చెబుతాము. 1998 ఫిబ్రవరిలో ఢాకాలో మన రమణ్ లాంబా హెల్మెట్టు లేకుండా షార్ట్‌లెగ్‌లో నిలబడ్డాడు. బంతి తలకు తగిలింది. తానే నడుచుకుంటూ బయటికి వెళ్ళాడు. మూడు రోజులకు మరణించాడు. 2019 ఆగస్టులో లార్డ్స్‌లో స్టీవ్ స్మిత్ ఆర్చర్ బంతికి కూలి, పరీక్షలు నెగ్గి, మళ్ళీ వచ్చి 92 దాకా ఆడాడు. మరునాటికి లక్షణాలు బయటపడగా అతని బదులు లబుషేన్ బరిలోకి దిగాడు. “నేను బాగానే ఉన్నాను” అనే మాటకు ఎంత విలువ ఇవ్వాలో దీన్నిబట్టే తెలుస్తున్నది.

రగ్బీ లీగ్ పెద్దలూ మేలుకున్నారు. 2014లో, తల అదిరిందని అనుమానం ఉన్న ఆటగాణ్ణి 15 నిమిషాలు బయట పరీక్షించే పద్ధతి తెచ్చారు. 2022 నుండి ఏ జట్టుకూ చెందని వైద్యుడు వీడియో గదిలో కూర్చుని చూస్తున్నాడు. స్పృహ తప్పినా, చేతులు అడ్డుపెట్టకుండా మొద్దులా పడినా, కాళ్ళు తడబడినా ఆ రోజుకిక ఆట లేదు. కాంటర్‌బరీ ఆటగాడు స్టీవ్ ఫోక్స్ 2018లో మరణించాక అతని మెదడును పరీక్షిస్తే, పదేపదే తగిలిన దెబ్బలవల్ల వచ్చే వ్యాధి కనబడింది. ఆ వ్యాధిని మరణానంతరం గాని రూఢిగా తేల్చలేరు. ఇక ఎవరు మాత్రం తేలికగా తీసుకోగలరు?

మా అభిప్రాయం ఇది. తలకు దెబ్బ తగిలినవాడు కదలకపోయినా, లేచి తూలినా, ట్రై పడబోతున్నా సరే, రెఫరీ ఆ క్షణమే ఈల వెయ్యాలి. బంతి ఎవరి చేతిలో ఉంటే వారికే ఇచ్చి ఆట మళ్ళీ మొదలుపెట్టవచ్చు. పోయేది కాస్త జోరు, అంతే. ఎవరికోసం ఆట ఆగిందో వాడు తప్పక బయటికి వెళ్ళి పరీక్ష చేయించుకోవాలి. అలా చేస్తే నాటకాలూ వాటంతట అవే తగ్గుతాయి. రెఫరీ వైద్యుడు కానక్కరలేదు. అనుమానం చాలు.

స్టేడియంలో కెమెరాలున్నాయి, వైద్యులున్నారు. శనివారం ఉదయం మన పిల్లలాడే పార్కులో ఏమున్నాయి? ఈల పట్టుకున్నది చాలాసార్లు పదిహేను, పదహారేళ్ళ కుర్రవాడు. గీత బయట అరిచే పెద్దలను చూసి అతడు జంకడం సహజం. అందుచేత తలిదండ్రులకు మనవి. పడిన పిల్లవాణ్ణి “లేచి ఆడరా” అని కేకలెయ్యకండి. ఆట ఆపిన రెఫరీని తిట్టకండి. అతడు చూడకపోతే మీరే చెప్పండి. తరువాత వాంతులైనా, తలనొప్పి పెరిగినా, మగతగా ఉన్నా 000కు ఫోను చెయ్యండి. పిల్లల ఆసుపత్రి మన వెస్ట్‌మీడ్‌లోనే ఉన్నది.

ఆస్ట్రేలియా క్రీడా సంస్థ 2024లో ఇచ్చిన సూచన ప్రకారం, లక్షణాలన్నీ పోయాక 14 రోజులు గడిస్తేనే గుద్దులాట ఉన్న సాధనకు పంపాలి. దెబ్బ తగిలిన నాటినుండి కనీసం 21 రోజులైతేగాని పోటీకి పంపకూడదు. ఫైనల్ ఆ మధ్యలో వచ్చినా సరే. కప్పు వచ్చే ఏడు కూడా ఉంటుంది. అదే తలతో వాడు పరీక్షలు రాయాలి, ఉద్యోగం చెయ్యాలి, పెద్దయ్యాక మనల్ని గుర్తుపట్టాలి.