పుష్కరానికో స్టోరేజ్ లెక్క: 40 ఎంబీ నుంచి 1 టీబీ దాకా

గోదావరి జిల్లాల్లో కాలాన్ని పుష్కరాలతో కొలుస్తాం. 1991, 2003, 2015లో గోదావరి పుష్కరాలు అయ్యాయి, మళ్లీ 2027లో వస్తున్నాయి. పీసీ స్టోరేజ్ ఎంత పెరిగిందో చూడ్డానికి కూడా ఈ లెక్క భలే పనికొస్తుంది.

1991: 40 ఎంబీ హార్డ్ డిస్క్ ఉన్న పీసీ అంటే గొప్పే. ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీ. రాజమండ్రి పుష్కర ఘాట్‌లో ఫొటో దిగితే అది రీలు మీదే. 36 ఫొటోలు, తర్వాత స్టూడియోలో కడిగించుకోవాలి. కంప్యూటర్‌తో పనే లేదు.

2003: 40 జీబీ. ఒక్క పుష్కరంలో వెయ్యి రెట్లు! విండోస్ ఎక్స్‌పీకి 1.5 జీబీ చాలు. మిగతాదంతా ఎంపీ3 పాటలు, సినిమాలు. నిండిపోతే 700 ఎంబీ సీడీల్లో రాసుకోవడమే.

2015: 1 టీబీ డిస్క్ మామూలైపోయింది. అంటే 25 రెట్లు. పుష్కరాలు జూలై 25న ముగిస్తే, 29న విండోస్ 10 వచ్చింది. దాని 64 బిట్ వెర్షన్ అడిగింది 20 జీబీ.

మరి ఇప్పుడు? విండోస్ 11 కనీసం 64 జీబీ స్టోరేజ్ అడుగుతోంది. కానీ చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో ఉండేది 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. పుష్కరం కిందటి డిస్క్‌లో సగం! కారణం స్పీడ్. తిరిగే హార్డ్ డిస్క్ సెకనుకు 100 ఎంబీ చదివితే, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ 3,000 ఎంబీ కూడా దాటుతుంది. అయితే జీబీ లెక్కన చూస్తే ఎస్‌ఎస్‌డీయే ఖరీదు.

అవసరం మాత్రం తగ్గలేదు. 4కె, 60 ఎఫ్‌పీఎస్ వీడియో నిమిషానికి సుమారు 400 ఎంబీ తింటుంది. అంటే 1991 నాటి డిస్క్‌లు పది కావాలి! 2027లో పన్నెండు రోజులూ రోజుకు అరగంట తీస్తే 144 జీబీ. 128 జీబీ ఫోన్ మధ్యలోనే చేతులెత్తేస్తుంది. అదే 1080పి, 30 ఎఫ్‌పీఎస్‌లో నిమిషానికి 60 ఎంబీ చొప్పున 22 జీబీతో సరి. (ఇవి హెచ్‌ఈవీసీ ఫార్మాట్ లెక్కలు, ఫోన్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ.)

అందుకే ఘాట్‌కి వెళ్లేముందు కెమెరా సెట్టింగ్స్ ఓసారి చూసుకోండి. ఇంటికొచ్చాక వీడియోలన్నీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి మార్చేసి ఫోన్‌లో డిలీట్ చేస్తే అది బ్యాకప్ కాదు, ఉన్నది ఒక్క కాపీయే. ఇంకోటి క్లౌడ్‌లోనో, వేరే డిస్క్‌లోనో పెట్టండి. 1991 రీలు ఫొటో ఇంకా ఆల్బమ్‌లో ఉంది. మన 4కె వీడియో 2039 పుష్కరాల దాకా ఉండాలంటే రెండో కాపీ తప్పదు.