కాంక్రీటు కళ్లాల నిర్మాణంలో స్లంప్, బలం: పరస్పర సంబంధం

వరి, మొక్కజొన్న, మిరప వంటి పంటలను ఆరబెట్టేందుకు నిర్మించే కాంక్రీటు కళ్లం ప్రధాన ప్రయోజనం ఉత్పత్తిలో మట్టి, రాళ్లు కలవకుండా చూడడం. పై పొర బలహీనంగా ఉంటే ఇసుక రేగి గింజలో కలుస్తుంది. పగుళ్లలో చెమ్మ నిలుస్తుంది. ఈ లోపానికి ముఖ్య కారణాలలో ఒకటి, పని సులువు కావడానికి మాలులో అదనంగా పోసే నీరు.

స్లంప్ అంటే ఏమిటి?

300 మి.మీ. ఎత్తు, అడుగున 200 మి.మీ., పైన 100 మి.మీ. వ్యాసం గల లోహపు శంకువులో తాజా కాంక్రీటును పొరలుగా నింపి, ప్రతి పొరను కడ్డీతో 25 సార్లు కూరుతారు. శంకువును నిలువుగా పైకి తీసినప్పుడు కాంక్రీటు ఎన్ని మిల్లీమీటర్లు కుంగితే అదే స్లంప్. ఐ.ఎస్. 456:2000 ప్రకారం నేలలకు, తక్కువ ఉక్కు గల స్లాబులకు 25–75 మి.మీ., ఉక్కు ఒత్తుగా ఉన్న స్లాబులకు 50–100 మి.మీ. స్లంప్ తగినది.

బలంతో సంబంధం

స్లంప్ పనితనాన్ని తెలుపుతుందే గాని బలాన్ని కొలవదు. బాగా కూరిన కాంక్రీటు బలం ప్రధానంగా నీరు, సిమెంటుల నిష్పత్తిపై ఆధారపడుతుందని డఫ్ అబ్రామ్స్ 1918లో ప్రతిపాదించాడు. సిమెంటు బరువులో సుమారు 23 శాతం నీరు మాత్రమే దానితో రసాయనికంగా కలుస్తుంది. అవసరానికి మించిన నీరు ఆరిపోయాక సూక్ష్మ రంధ్రాలు మిగులుతాయి. పైకి తేలిన నీరు ఉపరితలాన్ని మరింత బలహీనపరుస్తుంది.

ఎం20 నామమాత్రపు మిశ్రమంలో 50 కిలోల బస్తాకు గరిష్ఠంగా 30 లీటర్ల నీరు వాడాలి. అంటే నిష్పత్తి 0.60. ఇందులోని సుమారు 83 కిలోల ఇసుకలో 5 శాతం చెమ్మ ఉంటే 4 లీటర్లకు పైగా నీరు ముందే చేరినట్లు. దానిని తగ్గించకుండా పూర్తి 30 లీటర్లు పోస్తే నిష్పత్తి 0.68 దాటుతుంది.

అయినా అధిక స్లంప్ ఉన్న కాంక్రీటు అంతా బలహీనమని భావించరాదు. సూపర్‌ప్లాస్టిసైజర్ కలిపితే నీరు పెంచకుండానే స్లంప్ పెరుగుతుంది. మరోవైపు, మాలు మరీ గట్టిగా ఉంటే సరిగా కూరుకోక గుల్లలు మిగులుతాయి. 5 శాతం గాలి ఖాళీలు బలాన్ని దాదాపు 30 శాతం తగ్గించగలవు.

క్షేత్రస్థాయి సూచనలు

ఒకే నిష్పత్తిలో కలిపే మిశ్రమాలలో స్లంప్ హఠాత్తుగా పెరిగితే, అది నీరు ఎక్కువైందనడానికి తొలి సూచన. ఇసుక చెమ్మను, కొలతలను వెంటనే సరిచూడాలి. ఎండకు మాలు బిగిసినప్పుడు మళ్లీ నీరు పోయరాదు; తక్కువ పరిమాణంలో కలిపి వెంటవెంటనే పరచాలి. సాధారణ సిమెంటుకు కనీసం 7 రోజులు, వేడి, పొడి వాతావరణంలో 10 రోజులు క్యూరింగ్ చేయాలి. బలాన్ని నిర్ధారించేది 150 మి.మీ. ఘనాలపై 28 రోజులకు జరిపే పరీక్ష మాత్రమే. అయితే దాని ఫలితం వచ్చేసరికి కళ్లం గట్టిపడి ఉంటుంది. స్లంప్ పరీక్ష మాలు పరచకముందే సరిదిద్దుకొనే అవకాశమిస్తుంది.