మా తాతయ్య కారుకు ఐదో గేరు
(తృతీయ సంవత్సరం బి.యస్సి. విద్యార్థి వ్యాసం)

మా ఊరు చిలకలూరిపేటకు దగ్గర. మా ఇంట్లో ఒక అంబాసిడరు కారు ఉన్నది. 1978లో తయారైన మార్క్ 3. మిర్చి బాగా పండి, ధర కూడా కలిసివచ్చిన ఒక ఏడాది తాతయ్య దాన్ని గుంటూరులో సెకండ్‌హ్యాండులో కొన్నాడట. మా ఇంటి పెళ్ళిళ్ళూ, పురుళ్ళూ, విత్తనాల బస్తాలూ అన్నీ అందులోనే నడిచాయి. అంబాసిడర్ల తయారీయే 2014లో ఆగిపోయింది గాని మాది మాత్రం ఆగలేదు.

ఇప్పుడు తాతయ్యకు 81 ఏళ్ళు. నెలకొకసారి గుండె డాక్టరు దగ్గరకు విజయవాడ తీసుకువెళ్ళాలి. వేరే కారు ఎక్కమంటే ఎక్కడు. "నా కారుండగా అద్దె కారెందుకురా?" అంటాడు. నాన్నేమో, "హైవే మీద దీని అరుపు భరించలేక చస్తున్నాం, అమ్మేద్దాం" అంటాడు. 80 కిలోమీటర్ల వేగం దాటితే వెనక సీట్లో నాయనమ్మ చెప్పే మాట ముందు సీటుకు వినపడదు. అరవై మీద పోదామంటే వెనక లారీలవాళ్ళు హారనుతో తరుముతారు. అమ్మకానికి పెడితే పాత ఇనుము ధర చెప్పారు. ఆ రోజు తాతయ్య అన్నం సరిగా తినలేదు. అప్పుడే నేను ఈ గేరుబాక్సు సంగతిలోకి దిగాను.

సంగతి అర్థం కావడానికి కొంచెం లెక్క చెప్పాలి. ఆర్ట్సు మిత్రులు భయపడనక్కర్లేదు, గుణకారం వస్తే చాలు.

గేరు అంటే ఏమిటో ట్రాక్టరు నడిపినవాడికి వేరే చెప్పక్కర్లేదు. నాగలి దించి దున్నేటప్పుడు చిన్న గేరు. బలం ఎక్కువ, నడక తక్కువ. ట్రక్కు తగిలించి మిర్చి యార్డుకు పోయేటప్పుడు పెద్ద గేరు. మా అంబాసిడరుకు ముందుకు పోయే గేర్లు నాలుగు. నాలుగో గేరులో గేరుబాక్సు చేసే మార్పు ఏమీ ఉండదు. ఇంజను ఒక చుట్టు తిరిగితే వెనక్కు పోయే షాఫ్టు కూడా ఒకటే చుట్టు తిరుగుతుంది. ఆ తరువాత వెనక ఇరుసులోని డిఫరెన్షియల్ మళ్ళీ చుట్లు తగ్గిస్తుంది. ఎంత తగ్గిస్తుందో స్వయంగా తేల్చుకుందామని ఒక వెనక చక్రం జాకీ మీద లేపి, సుద్దముక్కతో గుర్తులు పెట్టి, చేత్తో పది చుట్లు తిప్పాను. షాఫ్టు 22 చుట్లు, ఆపైన ముప్పావు తిరిగింది. అంటే చక్రం ఒక చుట్టుకు షాఫ్టు రెండుంబావు. ఇదేమిటి ఇంత తక్కువ అని రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. చివరకు మెకానిక్ బాబాయి నవ్వి, "రెండో చక్రం నేల మీద ఉందిగా అబ్బాయ్, సగం చుట్లు డిఫరెన్షియల్ మింగేసింది" అన్నాడు. నిజమే! ఒక చక్రం కదలకుండా ఉంటే రెండో చక్రం రెండు చుట్లు తిరిగితేగాని లోపలి పెద్ద పళ్ళచక్రం ఒక చుట్టు తిరగదు. కాబట్టి అసలు లెక్క దానికి రెట్టింపు, సుమారు 4.55. పుస్తకంలో డిఫరెన్షియల్ బొమ్మ మూడుసార్లు గీసి మార్కులు తెచ్చుకున్న నాకు ఇది తట్టలేదు.

చక్రం ఒక చుట్టుకు కారు నడిచే దూరం రోడ్డు మీద టేపుతో కొలిస్తే 2.05 మీటర్లు వచ్చింది. గంటకు 80 కిలోమీటర్లంటే నిమిషానికి 1,333 మీటర్లు, చక్రం 650 చుట్లు, దాన్ని 4.55తో గుణిస్తే ఇంజను నిమిషానికి దాదాపు 3,000 చుట్లు. 100 మీద పోతే 3,700. ఈ 1,489 సి.సి. ఇంజను సుమారు 50 గుర్రాల శక్తి కలది. దాని పిస్టను ఒక్కో చుట్టుకు 89 మిల్లీమీటర్లు పైకీ, అంతే దూరం కిందికీ పరుగెత్తాలి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే ఇంగ్లీషు కారును ఆధారంగా చేసుకుని 1950ల చివరలో మొదలైన బండి ఇది. ఆనాటి రోడ్లకూ, ఐదారుగురు మనుషులతో గుంటల్లో లేచి పడే ప్రయాణానికీ ఆ గేర్లు సరిపోయాయి. గంటసేపు ఒకే వేగంతో సాఫీగా పోయే రోడ్డు అప్పుడు మనకెక్కడిది?

మందు రెండు రకాలు. ఒకటి, డిఫరెన్షియల్ పళ్ళే మార్చి 4.55ను తగ్గించడం. కాని అలా చేస్తే అన్ని గేర్లూ ఒకేసారి బరువెక్కుతాయి. నిండు బండితో కోటప్పకొండ ఘాటు రోడ్డు ఎక్కాలంటే మొదటి గేరే ఏడుస్తుంది. రెండోది, కింది గేర్లు దాదాపు అలాగే ఉంచి పైన ఒక గేరు కలపడం. ఈ గేరులో ఇంజను ఒక చుట్టు తిరిగితే షాఫ్టు ఒకటి కంటే ఎక్కువ తిరుగుతుంది. దీన్నే ఓవర్‌డ్రైవ్ అంటారు. మన అంబాసిడరు ఇంజను వంశంలోనిదే కొంచెం పెద్ద ఇంజను ఇంగ్లండులో ఎం.జి.బి. అనే స్పోర్ట్సు కారులో వచ్చింది. దానికి 1963 నుంచే లేకాక్ వారి ఓవర్‌డ్రైవ్ అదనంగా పెట్టించుకునే వీలుండేది. అది లేని పాత ఎం.జి.లకు ఈనాటికీ ఫోర్డు ఐదు గేర్ల బాక్సు అమర్చుకుంటున్నారు.

మనకు అంత దూరం పోవలసిన పని లేదు. 1990లలో అంబాసిడరుకే ఇసుజు 1,800 సి.సి. ఇంజనూ, ఐదు గేర్ల బాక్సూ వచ్చాయి. విజయవాడ ఆటోనగర్‌లో వెతికితే అలాంటి బాక్సు ఒకటి దొరికింది. అసలు సులువైన పద్ధతి ఇంజనూ గేరుబాక్సూ కలిపి మార్చడమే. తాతయ్య ఒప్పుకోలేదు. నేను కాగితం మీద ఇంకో లెక్క వేసి చూపించాను. విజయవాడకు 75 కిలోమీటర్లనుకుంటే మన ఇంజను దాదాపు 1,66,000 చుట్లు తిరుగుతున్నది. కొత్త బాక్సును బల్ల మీద పెట్టి తిప్పితే, ఐదో గేరులో ఇంజను వైపు ఆరు చుట్లకు వెనక ఏడు చుట్లు వచ్చాయి. అంటే ఏడింట ఒక వంతు ఆదా, ఒక్క పోకడకే 23,000 పైచిలుకు చుట్లు. తాతయ్య కాగితం కేసి కాసేపు చూసి, "గానుగెద్దుకు అన్ని చుట్లు తప్పిస్తానంటే నేనెందుకు వద్దంటాను? ఎద్దును మాత్రం మార్చొద్దు" అన్నాడు.

ఇక పని. ఇంజను వెనక భాగమూ, ఇసుజు బాక్సు ముందు భాగమూ ఒకదానికొకటి అతకవు. బోల్టు రంధ్రాలే వేరు. మధ్యలో మందపాటి ఇనుప ప్లేటు ఒకటి లేతు మీద తయారుచేయించాలి. అది ఏమాత్రం పక్కకు జరిగినా రెండు షాఫ్టులూ ఒకే గీత మీద ఉండవు, బేరింగులు తినేస్తాయి. డయల్ గేజీ పెట్టి చూసుకుంటూ ఒక పూటంతా దానికే పట్టింది. క్రాంకు షాఫ్టు చివర కొత్త గన్‌మెటల్ బుష్. కొత్త షాఫ్టు పళ్ళకూ పాత ఫ్లైవీలుకూ రెంటికీ సరిపోయే క్లచ్ ప్లేటు. బాక్సును మోసే అడ్డబద్దీ, స్పీడు మీటరు కేబులు. ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి కుదిరాయి.

కుదరనిది వెనక షాఫ్టు. బాక్సు పొడవు మారింది గనుక దాన్ని కోసి అతికించాలి. ఒక లేతు షాపులో ఇచ్చాం. బిగించి హైవే ఎక్కితే 60 దాటగానే కారంతా చలిజ్వరం వచ్చినట్లు వణికింది. నాన్న నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అప్పటికే ఎకరం మిర్చి మీద పెట్టేంత డబ్బు దీని మీద పెట్టించి ఉన్నాను. విప్పి చూస్తే, షాఫ్టు రెండు చివరలా ఉండే యోకులు ఒకే వరసలో లేకుండా వంకరగా వెల్డింగు అయ్యాయి. వంగి తిరిగే క్రాస్ జాయింటు ప్రతి చుట్టులోనూ రెండుసార్లు వేగం పెంచి రెండుసార్లు తగ్గిస్తుంది. ముందు జాయింటు చేసిన ఈ తప్పును వెనక జాయింటు సరిదిద్దాలంటే రెండు యోకులూ ఒకే తలంలో ఉండాలి. మళ్ళీ కోయించి, వరస కుదిర్చి, ఈసారి బ్యాలెన్సింగు కూడా చేయించాం. వణుకు పోయింది.

ఇప్పుడు 80 మీద ఇంజను సుమారు 2,540 చుట్లే తిరుగుతున్నది. నాయనమ్మ మాటలు ముందు సీటుకు వినపడుతున్నాయి (ఇది లాభమేనా అని నాన్న సందేహం). పెట్రోలు లీటరుకు పది కిలోమీటర్లు ఇచ్చేది పదకొండు దాటింది. తక్కువ చుట్లతో అదే పని చేయాలంటే త్రాటిలు ఎక్కువ తెరవాలి. సగం మూసిన ద్వారం గుండా గాలి పీల్చడానికి ఇంజను వృథా చేసే బలం అంత మేరకు తగ్గుతుంది.

అయితే ఐదో గేరు వల్ల కారుకు వేగం వచ్చిందని అనుకోవడం పొరపాటు. బలమేమీ పెరగలేదు. 50 మీద ఐదో గేరు వేస్తే ఇంజను 1,600 చుట్లకు పడిపోయి కొట్టుకుంటుంది. ఎదురుగాలిలోనూ, ఫ్లైఓవరు ఎక్కేటప్పుడూ నాలుగోకి దిగవలసిందే. బ్రేకులు కూడా ఆనాటి డ్రమ్ము బ్రేకులే. అందుకని 80 దాటకూడదని ఇంట్లో షరతు పెట్టుకున్నాం. స్పీడు మీటరు కొత్త బాక్సుతో తప్పు చూపిస్తున్నది గనుక కిలోమీటరు రాళ్ళ మధ్య వాచీ చూస్తాను. 45 సెకండ్లు పట్టాలి.

ఒక నష్టం మాత్రం ఉన్నది. గేరు రాడ్డు స్టీరింగు పక్కనుంచి కింది ఫ్లోరుకు వచ్చింది, రేకు కోయవలసి వచ్చింది. ముందు సీట్లో మూడో మనిషికి చోటు పోయింది. చిన్నప్పుడు నాన్నకూ తాతయ్యకూ మధ్య నేను కూర్చునే చోటు అదే. కొత్త బాక్సుతో మా ఊరి రోడ్డు మీద ఒకసారి నడిపి చూస్తానన్నాడు తాతయ్య. ఎడమ చెయ్యి రెండుసార్లు స్టీరింగు పక్కకే పోయింది. మూడోసారి కిందికి చూసి వేశాడు.

పాత బాక్సును అమ్మనివ్వలేదు. నూనె పట్టించి, గోనె సంచిలో చుట్టి, పత్తి కొట్టంలో పెట్టించాడు. దాని బోల్టులన్నీ హార్లిక్సు సీసాలో వేసి మూత బిగించాను.