దూరాన్ని కొలిచే కన్ను

పాత ఇళ్లలోని పెట్టెల్లో అప్పుడప్పుడు ఒక మడత కెమెరా కనిపిస్తుంది. దాని మూత తెరవగానే హార్మోనియం తిత్తిని పోలిన నల్లని తిత్తి ముందుకు సాగుతుంది. దాని కొనన కటకం నిలుస్తుంది. 1930, 1950 దశకాల మధ్య జర్మనీలో ఆగ్ఫా, జైస్ ఐకాన్, ఫోక్ట్‌లాండర్ సంస్థలు ఇటువంటి కెమెరాలను విరివిగా తయారుచేశాయి. వాటిలో అనేకం నేటికీ పనిచేస్తున్నాయి. వాటికి కావలసిన 120 రకం ఫిల్ము కూడా ఇప్పటికీ లభిస్తున్నది.

అయితే వీటిని ఉపయోగించేవారికి ఒక చిక్కు ఉంది. ఎదుటి వ్యక్తి ఎంత దూరంలో ఉన్నాడో తెలుసుకొని, ఆ అంకెను కటకం చుట్టూ ఉన్న కొలతపై నిలపాలి. 1934లో వెలువడిన సూపర్ ఐకాంటా వంటి ఖరీదైన కెమెరాలలో దూరాన్ని కొలిచే ఏర్పాటు లోపలే ఉండేది. సామాన్యులు కొన్న చాలా కెమెరాలలో అది లేదు. 75 మి.మీ. నాభ్యంతరం గల కటకాన్ని ఎఫ్/3.5 వరకు తెరిచి, 2 మీటర్ల దూరంలోని వ్యక్తిని చిత్రిస్తే, స్పష్టంగా వచ్చే మేర దాదాపు ఒక జానెడు మాత్రమే. అంచనా తప్పిన సంగతి ఫిల్మును కడిగిన తరువాతగాని తెలియదు. అప్పటికి తాతగారి చిరునవ్వు మసకబారి ఉంటుంది. ఆ క్షణం తిరిగి రాదు.

ఈ కొరతను తీర్చేదే విడిగా అమర్చుకొనే దూరమాపకం, అనగా రేంజ్‌ఫైండర్. ముఖానికి ఎదురుగా వేలు నిలిపి, ఒక్కొక్క కన్ను మూసి చూడండి. వేలు పక్కకు జరిగినట్లు తోస్తుంది. వేలు దగ్గరైన కొద్దీ ఆ జరుగుబాటు పెరుగుతుంది. దూరమాపకంలోని రెండు కిటికీలు మన రెండు కళ్ల వంటివి. వాటి నుండి వచ్చే రెండు ప్రతిబింబాలు ఒకేచోట కనిపిస్తాయి. చక్రాన్ని తిప్పి ఆ రెండింటినీ ఏకం చేస్తే, దూరం అంకెలలో తెలుస్తుంది. కిటికీల మధ్య ఎడం 5 సెం.మీ. అయితే, 1 మీటరు దూరంలో రెండు చూపురేఖల నడిమి కోణం సుమారు 3 డిగ్రీలు. 10 మీటర్ల వద్ద 0.3 డిగ్రీలే. కనుక ఎడం ఎక్కువైన కొద్దీ కొలత మరింత కచ్చితంగా ఉంటుంది.

దూరమాపకాన్ని ఎన్నుకొనేటప్పుడు మొదట కొలమానాన్ని చూడాలి. కెమెరాపై అడుగులుంటే దూరమాపకంపైనా అడుగులే ఉండాలి. 2 మీటర్లను ప్రతిసారీ ఆరున్నర అడుగులుగా మార్చుకొంటూ కూర్చుంటే ఎదుటి దృశ్యం మారిపోతుంది. తరువాత, కెమెరా చూపగల అతి సమీప దూరాన్ని అది కొలవగలదో లేదో గమనించాలి. దాని పాదం కెమెరాపై ఉన్న గాడిలో ఇమడాలి. గాడి లేని కెమెరా అయితే చేతితో పట్టుకొని కొలవవచ్చు.

అన్నిటికంటె ముఖ్యమైనది లోపలి అద్దం. కాలక్రమంలో దానిపై పలుచని వెండిపూత చెడి, రెండవ ప్రతిబింబం వెలవెలబోతుంది. ఆ పూతను గుడ్డతో తుడిస్తే ఉన్నది కూడా ఊడిపోవచ్చు. అందువల్ల మసక వెలుగులోనూ రెండు ప్రతిబింబాలు కనిపించే పరికరాన్నే ఎంచుకోవాలి.

కొనేముందు పరీక్ష తప్పనిసరి. చక్రాన్ని అనంతం గుర్తుపై నిలిపి చంద్రుని చూస్తే ఒకే బింబం కనిపించాలి. ఆపైన టేపుతో 1, 2, 5 మీటర్లు కొలిచి సరిచూడాలి. ఒక్క దూరం వద్ద సరిపోయినంత మాత్రాన అన్ని దూరాల వద్దా సరిపోతుందని భావించరాదు.

ప్రతి చిత్రానికీ దూరమాపకం అవసరం లేదు. మంచి ఎండలో అదే కటకాన్ని ఎఫ్/11 వద్ద ఉంచి 10 మీటర్లపై నిలిపితే, సుమారు 5 మీటర్ల నుండి సుదూరం వరకు స్పష్టంగానే వస్తుంది. దగ్గరి ముఖాలకు, తక్కువ వెలుతురుకు మాత్రం అది అవసరం. ఈ పరికరానికి కటకంతో సంబంధం లేదు. అది చెప్పిన అంకెను కటకంపైకి మార్చవలసినది మన చేయే. కొలవడం పరికరం వంతు. మరువకుండా ఉండడం మన వంతు.